పతకానికి సాక్షి కావాలి

మా ఊరు కనకమామిడిలో సముద్రం ఊసే ఉండదు. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద తిరిగే మాకు పెద్ద నీళ్లంటే గండిపేట, హిమాయత్‌సాగరే. అయినా 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైతే ఇక్కడి కిరాణా కొట్లో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ ధర ఎగబాకింది. కొట్టాయన్ని తిట్టుకున్నారు, ప్రభుత్వాన్ని తిట్టుకున్నారు. ఆ నూనెను బాంబుల మధ్య నుంచి మోసుకొచ్చే ఓడలో ఎవరున్నారో ఎవరికీ పట్టలేదు.

సరుకు ఓడవాడి ధైర్యం నాకు సైనికుడి ధైర్యం కన్నా చిక్కుగా తోస్తుంది. జీతానికి సంతకం పెట్టి ఎక్కినవాడు, ఎవరితోనూ పగ లేనివాడు. తిరిగి కొట్టడానికి చేతిలో ఏమీ ఉండదు.

2024 జనవరి 26. మనం జెండా ఎగరేసుకుంటున్న రోజే ఏడెన్ సింధుశాఖలో మార్లిన్ లువాండా ట్యాంకర్‌కు యెమెన్ హౌతీ తిరుగుబాటుదారుల క్షిపణి తగిలింది. లోపల 84,147 టన్నుల నాఫ్తా. మనుషులు 23 మంది, అందులో 22 మంది భారతీయులు. ఒక ట్యాంకు అంటుకుంది, కుడివైపు లైఫ్‌బోటు ధ్వంసమైంది. ఎడమవైపు పడవ ఇంకా ఉంది, ఎక్కి వెళ్లిపోవచ్చు. వెళ్లిపోతే తప్పుపట్టేవాడెవడు? వాళ్లు గొట్టాలు పట్టుకున్నారు. నురుగు నిండుకుంటే సముద్రపు నీళ్లే కొట్టారు. తర్వాత సాయానికొచ్చిన యుద్ధనౌకల్లో మన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం ఒకటి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆ ఏటి సాహస పురస్కారం కెప్టెన్ అవిలాష్ రావత్‌కూ, ఆయన సిబ్బందికీ ఇచ్చింది. ఇవ్వాల్సిందే. కానీ పురస్కారంలో పేరు ఒక్కటే, తక్కినవాళ్లంతా కలిపి ‘సిబ్బంది’.

అసలు పతకం రావాలంటే చూసినవాడు బతికి ఒడ్డుకు చేరాలి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ ఓడల మీద పనిచేసిన మన లస్కర్లలో, అంటే మన నావికుల్లో, కొందరు సారంగులకు, అంటే వాళ్ల మేస్త్రీలకు, బ్రిటిష్ ఎంపైర్ మెడల్ వచ్చింది. ఓడతో సహా అందరూ మునిగిన చోట ఎవరు ధైర్యంగా నిలబడ్డారో చెప్పేదెవరు? అందుకే పతకాల జాబితాను ధైర్యానికి కొలతగా నేను ఒప్పుకోను. తిరిగొచ్చిన కబుర్ల జాబితా అది. బతికున్నప్పుడు తెల్లవాళ్ల జీతంలో చిన్న భాగమే లస్కర్లకు దక్కేది. 1939లో జీతం పెంచమని పని ఆపిన పాపానికి కొందరిని బ్రిటన్‌లో జైల్లో పెట్టారు. చనిపోయాక కూడా తేడా పోలేదు. సమాధి లేని బ్రిటిష్ నావికుల పేర్లు లండన్ టవర్ హిల్ స్మారకం గోడల మీదికెక్కాయి. దాదాపు 6,000 మంది మన వాణిజ్య నావికుల పేర్లు ముంబయిలో, చిట్టగాంగ్‌లో బైండు పుస్తకాల్లో ఉన్నాయి.

ఏప్రిల్ 5 జాతీయ నౌకాయాన దినం. మర్నాడు, 1942లో విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డ తేదీ. ఆ వారంలోనే బంగాళాఖాతంలో ఇరవై దాకా సరుకు ఓడలు మునిగాయి. ఏటా ఉపన్యాసాలు ఎలాగూ ఉంటాయి. వాటిని కాస్త కుదించి, విశాఖ రేవులో ఆ బైండు పుస్తకాల్లోని పేర్లు ఓ గంటసేపు పైకి చదివించండి.