నోరులేని రోగి





ఈసారి కరపత్రంలో ఒక పిల్లికూన సంగతి చెప్తాను. ధమ్మం చెప్తానని పిల్లి కథ మొదలుపెట్టిందేంటి అనుకోకండి. చివరిదాకా చదవండి. మీ ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి జబ్బు చేసిన రోజున ఈ మాటలు పనికొస్తాయి. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచుకుంటే ఈ రాత రాసి లాభం లేదు.

మూడేళ్ల కిందటి మాట. వర్షావాసం రోజులు. అడ్డగుట్టలో మా ఇంట్లో సాయంత్రం పూట పదిమందిమి కూర్చుని బాబాసాహెబ్ రాసిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' చదువుకుంటున్నాం. ఒకరోజు గట్టి వాన. మా బిడ్డ బడి నుంచి వస్తూ మోరీ పక్కన తడిసి వణుకుతున్న నల్ల పిల్లికూనను చున్నీలో చుట్టుకుని తెచ్చింది. రెండు నెలలు ఉంటాయేమో. ఎదురింటి అత్త చూసి, "నల్లపిల్లిని ఇంట్లకు తెచ్చుకుంటరా? దరిద్రం చుట్టుకుంటది" అన్నది. నేను నవ్వి, "అత్తా, ఎవరి నీడ పడితే ఏమైతదో మనకు వేల ఏండ్లు చెప్పిన్రు గదా. ఆ మాట మనం ఇంకోదాని మీద అనొద్దు" అన్నాను. ఆమె కూడా నవ్వింది. సాయంత్రానికి తనే చేప ముక్క తెచ్చి పెట్టింది.

తొమ్మిది రోజులు ఆ కూన ఇల్లంతా తిరిగింది. పదో రోజు సాయంత్రం పిలిస్తే రాలేదు. అన్నం వాసన చూడలేదు. నీళ్ల గిన్నె దగ్గర ముడుచుకుని, తల వంచి కూర్చుంది. నీళ్లు మాత్రం తాగడం లేదు. నేను చూశాను. "వానకు నలత చేసింది, పొద్దున చూద్దాంలే" అన్నాను. తెల్లారితే ఒక సభలో నేను మాట్లాడాలి. రాసుకుంటూ కూర్చున్నాను. మాట్లాడాల్సిన విషయం ఏమిటో తెలుసా? కరుణ.

రాత్రి రెండుసార్లు పసుపు నురగ కక్కుకుంది. తెల్లారేసరికి ఒళ్లు చల్లబడింది. సభ మానుకుని ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన మెడ మీది చర్మం పట్టి పైకి లాగి వదిలితే అది అలాగే నిలబడిపోయింది. "ఒంట్లో నీళ్లు లేవమ్మా. ఇది కూనలకు వచ్చే పార్వో లాగుంది. నిన్న సాయంత్రం తెచ్చినా బతుకుతుందని చెప్పలేను. కానీ ఒక అవకాశం ఉండేది" అన్నారు. మధ్యాహ్నానికి అది పోయింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మా బిడ్డ ఒకే మాట అడిగింది: "నిన్న నువ్వు చూసినవ్ కదమ్మా?"

చూశాను. కానీ పట్టించుకోలేదు. ఆ మాటకు జవాబు వెతుక్కుంటూనే ఇది రాస్తున్నాను.

మనుషులకే దిక్కులేదు, పిల్లికెందుకు?

ఈ సంగతి మా చదువు కూటంలో చెప్తే ఒక పెద్దాయన లేచి అడిగాడు: "అక్కా, మనోళ్లకే దవాఖానల మంచం దొరకదు. పిల్లి కోసం ఏడుస్తమా?" ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. జంతువును ముద్దాడి మనిషిని తోసేసిన దేశం మనది. మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు పశువులు తాగొచ్చు, మనవాళ్లు తాకకూడదు. అందుకే 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగారు. అయితే ఒకటి గమనించండి. ఆ పోరాటం పశువును చెరువు దగ్గర్నుంచి తరమడానికి కాదు. మనిషి తన చోటు తాను తీసుకోవడానికి.

బాబాసాహెబ్ తన గ్రంథంలో కరుణకూ మైత్రికీ తేడా చెప్పారు. కరుణ మనుషుల మీద చూపే దయ. మైత్రి అక్కడ ఆగదు, ప్రాణమున్న ప్రతి దాని దాకా వెళ్తుంది. నాగపూర్‌లో 1956 అక్టోబర్ 14న ఆయన ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో సకల జీవుల మీద దయ చూపి వాటిని కాపాడతానన్నది కూడా ఉంది. మనం ఆ ప్రతిజ్ఞ చేసినవాళ్లం. మన హైదరాబాదులోనే, గత శతాబ్దం మొదట్లో, భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల హక్కుల కోసం పోరాడుతూనే బుద్ధ జయంతి జరిపించారు, జీవరక్ష ప్రచారమూ చేశారు. ఒకటి చేస్తే రెండోది తగ్గుతుందని ఆయన అనుకోలేదు.

కర్మ అనకండి, కారణం వెతకండి

కూన పోయాక ఓదార్చడానికి వచ్చినవాళ్లు, "దాని కర్మ అంతే" అన్నారు. బౌద్ధులు ఈ మాట అనకూడదు. మోలియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి ఇదే అడిగాడు: మనిషి పడే ప్రతి బాధా పూర్వకర్మ వల్లేనా? కాదన్నారు బుద్ధుడు. పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, కాలం మారడం వల్ల, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం వల్ల, దెబ్బల వల్ల కూడా బాధలు పుడతాయని, అన్నిటినీ పూర్వకర్మ ఖాతాలో వేసేవాళ్లు కళ్లెదుట ఉన్న దాన్ని దాటిపోతున్నారని చెప్పారు.

కారణాన్ని వెతకడమంటే ఏమిటో చెప్పే చోటు మన సికిందరాబాద్ పక్కనే ఉంది. బేగంపేటలోని ఒక భవనంలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపును సూక్ష్మదర్శినిలో చూసి అందులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. నల్లకుంట ఫీవర్ దవాఖానకు ఆయన పేరే పెట్టారు. అంతకు ముందు జనం చెడు గాలి అన్నారు, గ్రహచారం అన్నారు. ఆయన ఓపికగా చూశాడు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది ఆగితే అది ఆగుతుంది అని బుద్ధుడు చెప్పిన దారి కూడా ఇదే.

మా కూనను చంపిన దానికీ కారణం ఉంది. దాని పేరు పాన్‌ల్యూకోపీనియా. పార్వో జాతి వైరస్. పేగుల లోపలి పొరను, రక్తంలోని తెల్ల కణాలను నాశనం చేస్తుంది. నిన్న ఆడిన కూన ఇవాళ లేవదు. మనుషులకు ఇది అంటదు. వైరస్‌ను చంపే మందు లేదు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, వేరే ఇన్ఫెక్షన్ రాకుండా చూస్తూ ఒంటికి పోరాడే సమయం ఇవ్వాలి. అందుకే గంటలు లెక్క. టీకా మాత్రం ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి.

రోగిని చూసుకునేవాడి ఐదు గుణాలు

వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. ఒక భిక్షువుకు విరేచనాల జబ్బు చేసి తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. అతని వల్ల తమకేమీ ఉపయోగం లేదని తోటివాళ్లు పట్టించుకోలేదు. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్లు తెమ్మని, తను నీళ్లు పోస్తుంటే ఆనందుడు కడగగా, ఇద్దరూ ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి అన్నారు. అక్కడే రోగిని చూసుకునేవాడికి ఉండాల్సిన ఐదు గుణాలు చెప్పారు. వాటిని పిల్లికూన దగ్గర పెట్టి చూద్దాం.

ఒకటి: మందు సిద్ధం చేయగలగాలి. మందు ఇవ్వడమంటే మన ఇంట్లో ఉన్న గోళీ వేయడం కాదు. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క గోళీ చాలు, ప్రాణం పోతుంది. డాక్టరు చెప్పిన మందు, చెప్పినంత, చెప్పిన వేళకు ఇవ్వాలి.

రెండు: ఏది పడుతుందో, ఏది పడదో తెలియాలి. ఆవుపాలు, గేదెపాలు కూనకు పడవు, విరేచనాలు అవుతాయి. నాలుగు వారాలు నిండని కూనకు పిల్లికూనల కోసమే చేసిన పాలపొడి కలిపి, రెండు నుంచి నాలుగు గంటలకోసారి పట్టాలి. పసిబిడ్డకు లాగా వెల్లకిలా పడుకోబెట్టి పట్టొద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచే పట్టాలి. ఒళ్లు చల్లగా ఉంటే ముందు పాలు కాదు, వెచ్చదనం ఇవ్వాలి. గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. ఇంకో మాట. కూనలు శుభ్రంగా, నిదానంగా కనిపిస్తే వెంటనే ఎత్తుకురావద్దు. తల్లి తిండికి పోయి ఉండొచ్చు. కొన్ని గంటలు దూరం నుంచి చూడండి.

మూడు: లాభం కోసం కాదు, మైత్రితో చేయాలి. ఎలుకలు పడుతుందని పెంచేవాళ్లు, పట్టడం మానగానే వదిలేస్తారు. ఆ భిక్షువును వదిలేసినవాళ్ల లెక్క కూడా అదే.

నాలుగు: మలం, మూత్రం, కక్కు చూసి అసహ్యపడకూడదు. ఈ గుణం మనకు కొత్తగా నేర్పాలా? ఈ నగరం మలినాన్ని మన తల్లులే ఎత్తారు. వాళ్ల మీద రుద్దిన ఆ పనిని లోకం అంటు అన్నది. రోగి దగ్గర ఇష్టంతో చేసే అదే పనిని బుద్ధుడు గుణం అన్నారు. ఇంకోటి, కక్కు, మలం చెప్పే సంగతి ఉంటుంది. రంగు ఏమిటి, రక్తం ఉందా, ఎన్నిసార్లు అయింది అని చూసి డాక్టరుకు చెప్పాలి. ఫోన్‌లో ఫోటో తీసుకుపోతే ఇంకా మంచిది. కడిగేటప్పుడు ఫినాయిల్ వాడొద్దు, పిల్లులకు హాని. ముందు సబ్బుతో కడిగి, లీటరు నీళ్లకు 30 మిల్లీలీటర్ల బ్లీచ్ ద్రావణం కలిపి తుడిచి, పది నిమిషాలు ఉంచి మళ్లీ నీళ్లతో కడగండి. ఈ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతకగలదు. అందుకే ఒక కూన పోయిన ఇంట్లోకి టీకా వేయని కూనను తేవద్దు.

ఐదు: మంచి మాటతో ధైర్యం చెప్పాలి. పిల్లికి ధమ్మోపదేశం అర్థం కాకపోవచ్చు. మెత్తని చెయ్యి, తగ్గించిన గొంతు, చీకటిగా ఉన్న మూల అర్థమవుతాయి.

చెప్పలేనివాడి దగ్గర మనమే చూడాలి

మంచి రోగికి ఉండాల్సిన గుణాలు కూడా బుద్ధుడు చెప్పారు. వాటిలో ఒకటి, తన బాధను ఉన్నది ఉన్నట్టు చెప్పడం. పిల్లి ఇది చేయలేదు. పైగా దాచుకుంటుంది. బలహీనంగా కనిపించిన జంతువు మీద ఇంకో జంతువు పడుతుంది కాబట్టి నొప్పిని దాచడం దాని స్వభావం. అక్కడ మన స్మృతి, మన ఎరుక పని చేయాలి. ధ్యానంలో ఊపిరిని గమనించడం నేర్చుకున్నాం కదా. ఆ చూపునే ఇటు తిప్పండి.

ఇవి కనిపిస్తే పొద్దుటిదాకా ఆగొద్దు: ఆడే కూన మూలకు పోయి దాక్కోవడం, తిండి ముట్టకపోవడం, మళ్లీ మళ్లీ కక్కుకోవడం, నీళ్లలాంటి లేదా రక్తంతో కూడిన విరేచనాలు, నీళ్ల గిన్నె దగ్గర తల వంచి కూర్చుని తాగకపోవడం, చిగుళ్లు తెల్లబడటం, చెవులు, పాదాలు చల్లబడటం, మెడ మీద పట్టిన చర్మం వెంటనే కిందికి దిగకపోవడం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మూర్ఛ రావడం. పెద్ద మగపిల్లి పదేపదే మూత్రానికి కూర్చుని చుక్క రాకపోయినా అది ప్రమాదమే. నారాయణగూడలో ప్రభుత్వ పశువుల దవాఖాన ఉంది. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. మీ బస్తీకి దగ్గర్లో ఎవరు చూస్తారో, రాత్రి ఎవరు ఫోన్ ఎత్తుతారో కనుక్కుని ఇవాళే గోడ మీద రాసి పెట్టుకోండి. జబ్బు చేసిన రాత్రి వెతికితే దొరకదు.

మీ జాగ్రత్త కూడా మరవొద్దు. వీధి పిల్లి కరిచినా, గీరినా 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, అదే రోజు దవాఖానకు పోయి రేబిస్ టీకా అడగండి. పసుపు, కారం పెట్టకండి.

ఇప్పుడు నా మనసులో ఉన్న అసలు మాట. మా అమ్మ రోడ్లు ఊడ్చేది. ఒక సాయంత్రం గోడకు ఆనుకుని కూర్చుంది. అన్నం వద్దన్నది, నుదుట చెమట పోసింది. "ఏం లేదు బిడ్డా, గ్యాస్" అన్నది. నేను నమ్మాను. పొద్దున తీసుకుపోదాం అనుకున్నాం. పొద్దు ఆమెకు రాలేదు. అమ్మకు నోరు ఉంది. కానీ నా నొప్పి ఒక నొప్పేనా అని ఆమెకు చిన్నప్పట్నుంచి లోకం నేర్పింది. మన ఇళ్లలో ముసలివాళ్లు, కోడళ్లు, కూలి పోతుందని భయపడే మగవాళ్లు ఎంతమంది ఇట్లా నోరులేని రోగులు! కూన గిన్నె దగ్గర కూర్చున్న తీరు చూసి నాకు గుర్తు రావాల్సింది అమ్మ కూర్చున్న తీరు. రెండోసారి కూడా నేను పొద్దుటిదాకా ఆగాను.

అశోకుడు మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా తన శాసనాలు చెక్కించాడు. మనుషులకు, పశువులకు ఇద్దరికీ వైద్యం ఏర్పాటు చేశానని, మూలికలు లేని చోట తెప్పించి నాటించానని రెండో శాసనంలో చెప్పుకున్నాడు. రెండు వేల రెండొందల ఏండ్ల కిందటే ధమ్మ రాజ్యం మనిషినీ పశువునూ ఒకే వాక్యంలో పెట్టింది. ఒకరి వంతు తీసి ఇంకొకరికి ఇవ్వలేదు.

ఏడాది దాటాక టీకాలు పూర్తయిన ఇంకో కూనను తెచ్చుకున్నాం. ఒక రాత్రి అది రెండుసార్లు కక్కుకుంది. మా బిడ్డ నా మొహం చూసింది. నేను చెప్పులు వేసుకున్నాను. తొమ్మిదింటికి ఆటో ఎక్కాం. డాక్టరు చూసి, "నులిపురుగులమ్మా, ఏం భయం లేదు" అని మందిచ్చి పంపారు. ఆటో డబ్బులు దండగ అని ఎవరూ అనలేదు. ఊరికే పోయి ఊరికే తిరిగిరావడం కన్నా మంచి సంగతి ఏముంది?

ఈ వారం ఒక పని చేయండి. రాత్రి వందన అయ్యాక ఇంట్లో ఒక్కొక్కరి మొహం చూడండి. ఎవరు తినలేదు, ఎవరు మాట తగ్గించారు, ఎవరు మూలన కూర్చున్నారు? అడగండి. "ఏం లేదు" అంటే ఇంకోసారి అడగండి. వాకిట్లో పిల్లి ఉంటే దాన్నీ చూడండి.

అనుమానం వస్తే పొద్దుటిదాకా ఆగకండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!