పొయ్యికీ ఒక అలక

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరో రోజు అమ్మకు నైవేద్యం లేదు. ఎంగిలిపూలతో మొదలై అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు వరసగా అయ్యాక ఆరో నాడు వచ్చేది అలిగిన బతుకమ్మ. ఆ రోజు పూలు పేర్చరు, ప్రసాదం వండరు. అమ్మ ఎందుకు అలిగిందో ఊరికో కథ చెబుతారు. నాకు ఆ కథల కంటే ఆ ఖాళీ రోజు మీదే గురి ఎక్కువ. ఇంటి పనీ, పూల పనీ, నైవేద్యాల పనీ ఒక్క చేతి మీద నడిపే ఆడవాళ్లకు మధ్యలో కాస్త తెరిపి ఉండాలని ఏ పెద్దముత్తయిదువకు తోచిందో గానీ, అలక అమ్మవారి పేరు మీద వేసి సెలవు మనకు ఇప్పించిందేమో అనిపిస్తుంది. మర్నాడు వేపకాయల బతుకమ్మకు మళ్లీ నూనె మూకుడు పొయ్యెక్కాల్సిందే.

హనుమకొండలో ఉండే మా వదిన బతుకమ్మకు సద్దులన్నీ తానే కలుపుతుంది. పెరుగు సద్ది, పులిహోర, కొబ్బరి, నువ్వులు, ఏదీ వదలదు. అలాంటి మనిషి ఒకసారి ఫోన్లో అంది: "కూరగాయల సంచి చూస్తెనే నీరసమొస్తుంది. ఏదో కుక్కర్ పెట్టి, ఇన్ని చారు నీళ్లు కాచి, పచ్చడి సీసా ముందర పెడుతున్న. వండుడు కష్టం కాదు. ‘ఇయ్యాల ఏం వండాలె’ అని అడిగితే ‘ఏదో ఒకటి చెయ్యి’ అంటరు చూడు, గా మాటకే పానం పోతది."

ఇలాంటి మాటకు ప్రవచనాల్లో సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది. వంట యజ్ఞం, వండే ఇల్లాలు అన్నపూర్ణ. మాట అబద్ధం కాదు. తనకోసమే వండుకు తినేవాడు పాపాన్నే తింటున్నాడని గీత మూడో అధ్యాయం గట్టిగానే చెప్పింది. కానీ అలసిపోయి కూర్చున్న మనిషికి బిరుదు ఇవ్వడం ఓదార్పు ఎలా అవుతుంది? గరిటె ఆమె చేతిలోనే ఉంచి దండ మెడలో వేసినట్టు ఉంటుంది. పైగా అన్నం మహిమ చెప్పిన గ్రంథాలను నిదానంగా చూస్తే, అవి ఆ భారాన్ని ఇల్లాలి ఒక్కదాని మీద పెట్టినట్టు కనిపించదు.

తైత్తిరీయోపనిషత్తులో భృగువు తండ్రి వరుణుణ్ణి బ్రహ్మమంటే ఏమిటని అడుగుతాడు. తపస్సు చేసి తెలుసుకోమంటాడు తండ్రి. భృగువుకు మొదట తెలిసింది అన్నమే బ్రహ్మమని. ఆ తర్వాత ప్రాణం, మనస్సు, విజ్ఞానం, చివరికి ఆనందం దాకా వెళ్లాడు. అంత ఎత్తుకు తీసుకెళ్లాక ఉపనిషత్తు మళ్లీ వంటింటికే దిగివస్తుంది. అన్నాన్ని నిందించవద్దు, కాదని తోసేయవద్దు, సమృద్ధిగా చేయాలి, గడప తొక్కిన వారిని వెళ్లగొట్టవద్దు అంటూ వ్రతాలు పెడుతుంది. ఈ వ్రతాలన్నీ చెప్పింది బ్రహ్మజ్ఞానం కోసం వెళ్లిన కొడుక్కి. ఈ సంగతి మన ఇళ్లలో ఎవరూ ఎత్తరు.

భారతంలో అక్షయపాత్ర సంగతి చూడండి. వనవాసానికి వెళ్లిన ధర్మరాజు, వెంట వచ్చిన బ్రాహ్మణులకు అన్నం పెట్టే దారి లేక సూర్యుణ్ణి ప్రార్థిస్తే ఆయన ఇచ్చిన రాగిపాత్ర అది. పన్నెండేళ్ల పాటు ఎందరు వచ్చినా తరగదు. తరగనిదని పేరే గానీ దానికీ రోజూ ఒక ముగింపు ఉంది. అందరూ తిన్నాక ద్రౌపది తింటుంది. ఆమె తిన్న క్షణం నుంచి ఆ రోజుకు పాత్ర ఖాళీ. దేవుడిచ్చిన పాత్రకే కట్టేసే వేళ ఉంటే, మన వంటింటికి రాత్రి పదకొండు దాటినా "కాస్త టీ పెట్టవూ" అనే పిలుపు ఎందుకు ఉండాలి? దుర్వాసుడు శిష్యులందరినీ వెంటేసుకుని వచ్చింది ఆ పాత్ర కట్టేశాకే. ద్రౌపది మళ్లీ పొయ్యి రాజేయలేదు, కృష్ణుణ్ణి పిలిచింది. ఆయన పాత్రలో అంటుకున్న ఒక్క కూరాకు మెతుకు నోట్లో వేసుకుంటే నదిలో స్నానం చేస్తున్న మునుల కడుపులు నిండాయి. ఈ కథను కృష్ణ మహిమగా చెప్పుకుంటాం, నిజమే. వేళ దాటాక వచ్చినవాళ్ల ఆకలి ఆమె ఒక్కదాని బాధ్యత కాకుండా పోయిందని కూడా నేను చదువుకుంటాను.

ఇక "ఏం వండాలె" అన్న ప్రశ్న. మనిషిని ఎక్కువగా అరగదీసేది ఇదేనని వదిన మాటతో నాకు గట్టిగా తెలిసింది. దేవుడి వంటింట్లో ఈ ప్రశ్నే లేదు. తిరుమలలో పోటు అంటే వంటశాల. అక్కడ ఏ ప్రసాదానికి ఏ సరుకు ఎంత పడాలో దిట్టం అని ఒక లెక్క ఉంటుంది. లడ్డూకైతే 5,100 లడ్డూల లెక్కన ఇంత శనగపిండి, ఇంత నెయ్యి, ఇంత చక్కెర అని ముందే రాసి ఉంటుంది. పోటు పనివారు పొద్దున్నే లేచి స్వామివారికి ఇవాళ ఏం చేద్దామని తల పట్టుకోనక్కర్లేదు. అన్ని రకాల పిండివంటలు చేయించుకునే ఆ స్వామికి గర్భాలయంలో, కులశేఖర పడి దాటి లోపలికి వెళ్లేది పెరుగన్నం, అదీ పగిలిన కొత్త మట్టికుండలో. రోజూ అదే. నిన్నా అదే పెట్టారేమిటని స్వామి అడిగిన దాఖలా లేదు.

మన ఇళ్లలోనూ ఒకప్పుడు ఇలాంటి దిట్టం ఉండేది, కాగితం మీద రాయలేదు అంతే. కార్తీకంలో ఉల్లి వెల్లుల్లి ఉండవు, ధనుర్మాసంలో పొంగలి, ఆషాఢంలో మునగాకు, చవితికి ఉండ్రాళ్లు. ఏకాదశికి పొయ్యికి విశ్రాంతి. నాగుల చవితికి చాలా ఇళ్లలో పొయ్యి ఊసు లేకుండా చలిమిడి, చిమ్మిలితో గడిచిపోతుంది. పత్తెం అనీ ఆచారం అనీ మనం విసుక్కున్న వాటిలో సగం, వండే మనిషి తలలోంచి ఒక ప్రశ్న తీసేసే ఏర్పాట్లు. ఇప్పుడు అన్ని కాలాల్లో అన్నీ దొరుకుతున్నాయి. ఫోన్ తెరిస్తే వెయ్యి వంటకాలు. దొరకని రోజుల్లో ఈ విసుగు ఇంతగా లేదు.

డాలస్‌లోనో సిడ్నీలోనో ఉండే మన పిల్లలు ఆదివారం వండి డబ్బాలకెత్తి వారమంతా ఫ్రిజ్‌లోంచి తీసుకుంటారు. గీత పదిహేడో అధ్యాయం చల్లారిన, నిల్వ అన్నాన్ని తామసమంది కదా అని వాళ్లను దెప్పేవాళ్లను చూశాను. రెండు ఉద్యోగాలు, ఒక పసిపిల్ల ఉన్న ఇంట్లో ఆదివారం నాలుగు గంటలు కలిసి వండుకున్న భార్యాభర్తలది తామసమో, ఒక్కదానితో మూడు పూటలా వేడివేడిగా వండించుకుని విస్తరి దగ్గర వంక పెట్టేవాడిది తామసమో, దెప్పేవాళ్లే చెప్పాలి.

కడలూరు జిల్లా వడలూరులో రామలింగ స్వామి, వళ్లలార్ అని పిలుచుకునే ఆయన, 1867 మే 23న ధర్మశాలలో పొయ్యి వెలిగించారు. అప్పటి నుంచి ఆ నిప్పు ఆరలేదు. వచ్చినవారికి కులం అడగకుండా అన్నం పెడుతూనే ఉన్నారు. తరాలు మారినా పొయ్యి ఆరలేదంటే, దాని ముందు నిలబడే చేతులు మారుతూ వచ్చాయి కాబట్టే. ఒక్కరే నిలబడి ఉంటే స్వామి ఉండగానే ఆరిపోయేది.

చేతులు మారినా, సెలవు దొరికినా, దిట్టం కుదిరినా, పోయిన మనసు దానంతట అది వచ్చి పొయ్యి దగ్గర కూర్చోదు. ఈ ముక్క దగ్గర నాకు రమణాశ్రమ వంటిల్లు గుర్తొస్తుంది. తెల్లవారకముందే భగవాన్ అక్కడికి వచ్చి కూరలు తరిగేవారని, పచ్చళ్లు రుబ్బేవారని, తాలింపులు స్వయంగా చూసుకునేవారని అక్కడ పనిచేసినవాళ్లు చెప్పుకున్నారు. నేల మీద బియ్యపు గింజ పడి ఉంటే వంగి ఏరేవారు. ఆవగింజనూ వదిలేవారు కాదట. తొక్కులు, తొడిమలు ఆవులకు వెళ్లాలి. తన విస్తట్లో అందరికంటే ఒక ముక్క ఎక్కువ పడితే ఒప్పుకునేవారు కాదు. ఆత్మవిచారం చెప్పిన మనిషి ఆవగింజ దగ్గర అంతసేపు ఆగడం చూస్తే మొదట వింతగా ఉంటుంది. ఆలోచిస్తే, అలసిన మనసు చేసే పని సరిగ్గా దీనికి తలకిందులు. అది రేపటి కూర, ఎల్లుండి పులుసు, వచ్చే పదేళ్ల చారు అన్నీ ఇవాళే వండేస్తుంది, వండి సొమ్మసిల్లుతుంది. గింజ ఏరే చేతికి రేపటి సంగతి పట్టదు.

17వ శతాబ్దంలో పారిస్‌లో కార్మెలైట్ మఠం వంటింట్లో పనిచేసిన బ్రదర్ లారెన్స్‌కు వంటపనంటే మొదటి నుంచీ గిట్టదు. దాచుకోలేదు, పైకే చెప్పాడు. అయినా 15 ఏళ్లు అక్కడే చేశాడు. పెనం మీద గుడ్డట్టు తిప్పడం కూడా దేవుడి కోసమే అనుకుని తిప్పేవాడు. పని ఇష్టమయ్యాక మొదలుపెడదామని కూర్చుని ఉంటే ఆయన కథ మన దాకా వచ్చేది కాదు. ఆయన సంభాషణలు, ఉత్తరాలు ఆయన పోయాక పుస్తకమై ఇన్ని దేశాలు తిరిగాయి.

వదినకు ఇవేవీ చెప్పలేదు. ఫోన్లో పురాణం విప్పితే పెట్టేస్తుందని తెలుసు. దిట్టం మాట ఒక్కటి చెప్పాను. ఆమె నవ్వి, గోడ మీది క్యాలెండర్ వెనక వారానికి సరిపడా రాసింది. సోమవారం ఆకుకూర పప్పు, మంగళవారం వేపుడూ చారూ, బుధవారం పులుసు. గురువారం ఎదురుగా మా అన్నయ్య పేరు రాసింది. ఏకాదశి రాత్రి పండ్లూ పాలూ. "ఏదో ఒకటి చెయ్యి" అన్నవాళ్లకు ఇక చెప్పడానికేమీ మిగల్లేదు.

కొన్నాళ్లు ఆమె దాన్ని చూసి యంత్రంలాగే వండింది, రుచి గురించి ఒక్క మాట ఎత్తలేదు. తర్వాత ఎండలు ముదురుతుండగా ఒక మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది. బజారుకు చింతచిగురు వచ్చిందట. ఆ రోజు దిట్టంలో ఉన్నది దొండకాయ వేపుడు. "అయినా తెచ్చిన," అంది. ముందర చాట పెట్టుకుని ఈనెలు తీస్తూ మాట్లాడుతోంది. లేతగా ఎర్రగా ఉన్న చిగురును రెండు అరచేతుల మధ్య నలిపి పప్పులో వెయ్యాలని, నలపకుండా వేస్తే పులుపు దిగదని, నాకు తెలిసిన సంగతే నాకు మళ్లీ చెప్పింది. ఎండుమిరపకాయ చిటపటమంటుంటే ఫోన్ పక్కన పెట్టేసి నన్ను మరిచిపోయింది. ఆవాలు, జీలకర్ర, దంచిన వెల్లుల్లి పడిన చప్పుడు ఒకదాని తర్వాత ఒకటి నాకిక్కడ వినబడుతూనే ఉంది.

గురువారాలు మాత్రం అన్నయ్యవే. ఆయన చారులో ఉప్పు గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదని ఒప్పందం. వదిన ఇప్పటిదాకా దాన్ని మీరలేదు గానీ, ఆ పూట మజ్జిగ కాస్త ఎక్కువ చేసి పెడుతోంది.