కాన్పులెన్ని, దక్కిందెందరు?

మా అవ్వది ఉదయగిరి, ఆత్మకూరుల మధ్య ఓ మెట్ట పల్లె. పిల్లలెంతమందని ఎవరడిగినా "కాన్పులు తొమ్మిది, దక్కింది నలుగురు" అనేది. పోయినవాళ్ళని కూడా లెక్కలో ఉంచుకునే ఆ జవాబు చిన్నప్పుడు నాకు వింతగా ఉండేది.

దక్కిన నలుగురిలో ఒకరు మా పెద్దమ్మ. 1962లో తొలికాన్పులో ఆమె కూడా పోయింది. బిడ్డ పుట్టాడు కానీ మాయ పడలేదు. రక్తం ఆగలేదు. మంత్రసాని చేతులెత్తేసింది. మామగారు పొలం నుంచి వచ్చి సరేననేదాకా ఎవరూ బండి కట్టలేదు. ఆత్మకూరు చేరకముందే దారిలో ప్రాణం పోయింది. పదకొండో రోజున బిడ్డా పోయాడు. "గండం గడవలేదు" అన్నారు ఊళ్ళో.

ఆ మాట గురించే ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. గండం అనగానే ఎవరి బాధ్యతా మిగలదు. నిజమే, ఆ ఇంట్లో ఎవరూ ఆమె చావు కోరుకోలేదు. మరి ఎవరూ కోరుకోని చావుకి బాధ్యులెవరు? కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా రెండు గంటల్లో చనిపోవచ్చు. పెద్దమ్మకున్న ఆ కాస్త సమయంలో సగం మామగారి అనుమతి కోసం పోయింది, మిగతా సగం గతుకుల దారికి పోయింది. ఆమె ప్రాణం గురించిన నిర్ణయం ఆమెది కాకపోవడం, దగ్గర్లో ఆసుపత్రి లేకపోవడం ఏ గ్రహాల వల్లా జరిగినవి కావు.

1915లో ఇంగ్లండులో మహిళా సహకార గిల్డు తమ కాన్పుల గురించి శ్రామిక స్త్రీలు రాసిన 160 ఉత్తరాలను పుస్తకంగా వేసింది. ఉత్తరాల కింద భర్త కూలి ఎంత, బిడ్డలెందరు, చచ్చిపుట్టినవారెందరు, గర్భస్రావాలెన్ని అని లెక్క ఉంటుంది. అది చూసినప్పుడు నాకు మా అవ్వే గుర్తొచ్చింది. కాకపోతే అక్కడ ఆ లెక్క ఇంటి గడప దాటింది.

మన లెక్కలూ చూద్దాం. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకి 195 మంది తల్లులు చనిపోయారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45కి తగ్గింది. ఈ మధ్యలో 108 అంబులెన్సులు, ఆశా కార్యకర్తలు వచ్చారు, ఆసుపత్రి కాన్పులు పెరిగాయి. సంతోషమే. కానీ నాకు ఆ తగ్గుదల ఓ సాక్ష్యంలా కూడా కనిపిస్తుంది. గండమే అయితే అంబులెన్సుకి లొంగేది కాదు. తగ్గించగలిగామంటే, అంతకుముందు పోయినవాళ్ళలో చాలామందిని పోనిచ్చామనే అర్థం. మిగిలిన ఆ 45 మంది విషయంలోనూ ఇదే ప్రశ్న అడగాలి.

1992లో మా ఉదయగిరి వైపే దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. మొగుడి తాగుడుని తమ ఖర్మ అనుకోవడం మానేసి, దాని వెనకున్న సారా పాటలని, ప్రభుత్వ ఆదాయాన్ని చూశారు. 1993లో సారా నిషేధం వచ్చింది. కాన్పు చావుల మీద అలాంటి తిరుగుబాటు ఎందుకు రాలేదు? తాగొచ్చిన మొగుడి చేత దెబ్బలు తిన్న మనిషి మర్నాడు బజార్లో నిలబడి అడగగలదు. కాన్పులో పోయిన మనిషి అడగలేదు. ఆమె తరఫున మిగిలినవాళ్ళమే అడగాలి.

ఎవరినో దోషిగా నిలబెట్టడానికి నేనీ మాట అనడం లేదు. మా పెద్దమ్మ మామగారు కూడా ఆ తర్వాత చాలాకాలం కోలుకోలేదట. నేరం చెయ్యనివాళ్ళకి కూడా బాధ్యత ఉంటుందని మాత్రమే అంటున్నాను. మా అవ్వ తన తొమ్మిది కాన్పుల్లో ఒక్కదాన్నీ లెక్క నుంచి తీసెయ్యలేదు. కనీసం ఆ పాటి నిజాయితీ మన లెక్కలకీ ఉండాలి.