జిరా మెయిళ్లు నీ చేతికి వచ్చాయి కాబట్టి

నాన్నా, మీ ఆఫీసులో టికెట్లు నడిపే జిరాకి అడ్మిన్ పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. వర్క్‌ఫ్లోలు, పర్మిషన్లు నువ్వు ఎలాగూ నేర్చేసుకుంటావు. మెయిల్ నోటిఫికేషన్ల గురించి మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకే మీ అత్త ఈ నాలుగు ముక్కలూ రాస్తోంది.

ఎవరికి ఏ మెయిల్ వెళ్లాలో నిర్ణయించే నోటిఫికేషన్ స్కీమ్ జోలికి వెళ్లకముందే టీమ్‌లో ఎవరినైనా వాళ్ల మెయిల్‌బాక్స్‌లో రూల్స్ చూపించమని అడుగు. జిరా నుంచి వచ్చినవన్నీ ఓ ఫోల్డర్‌లోకి తోసేసే రూల్ ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. ఆ ఫోల్డర్ పక్కన చదవని మెయిళ్ల అంకె చూడు. పేమెంట్ ఫెయిలవుతోందని సపోర్ట్ వాళ్లు పెట్టిన కామెంట్ కూడా ఆ కుప్పలోనే ఉంటుంది. రూల్ పెట్టుకున్నవాళ్లను తప్పుపట్టకు. లేబుల్ మారింది, స్ప్రింట్ మారింది, డిస్క్రిప్షన్‌లో ఎవరో అక్షరం దిద్దారు అంటూ పొద్దస్తమానం మెయిళ్లు వచ్చిపడుతుంటే ఎవరైనా అదే చేస్తారు. ‘నాన్నా, పులి’ కథ మనకు కొత్త కాదు. ఒకసారి నమ్మకం పోయాక, నిజంగా అవసరమైన మెయిల్ పంపినా తెరిచే దిక్కుండదు.

జిరాతో వచ్చే డిఫాల్ట్ నోటిఫికేషన్ స్కీమ్‌లో దాదాపు ప్రతి ఈవెంట్‌కీ టికెట్ వేసిన రిపోర్టర్, అది చేతిలో ఉన్న అసైనీ, దాన్ని గమనిస్తున్న వాచర్లు అందరూ ఉంటారు. ఆటోవాచ్ ఆన్‌లో ఉంటే ఒక్క కామెంట్ పెట్టినా చాలు, ఆ మనిషి వాచర్ల జాబితాలో చేరిపోతాడు. కాబట్టి ఒక్కో ఈవెంట్ దగ్గరా ఆగి, ఈ మెయిల్ చూసి ఈ మనిషి ఏం చెయ్యాలి అని నిన్ను నువ్వే అడుగు. జవాబు దొరక్కపోతే ఆ పేరు తీసెయ్. టికెట్ అసైన్ అయితే అసైనీకి తెలియాలి. కామెంట్ వస్తే రిపోర్టర్‌కీ, అసైనీకీ తెలియాలి. ఎక్కువ రొద చేసేది ‘ఇష్యూ అప్‌డేటెడ్’. కోత అక్కడ మొదలుపెట్టు.

టికెట్ వేసినవాళ్లను మాత్రం చిన్నచూపు చూడకు. తమ సమస్య ఎవరైనా చూశారా, తీరిందా అన్నది వాళ్లకు మెయిల్ ద్వారానే తెలుస్తుంది. ‘రిజాల్వ్‌డ్’ మెయిల్ వాళ్లకు తప్పకుండా వెళ్లాలి. సరిచేసింది సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పాల్సింది వాళ్లే.

మేనేజర్లు వచ్చి ‘మా గ్రూప్ మొత్తానికీ పెట్టెయ్’ అంటారు. మర్యాదగానే కాదను. వాళ్లకు కావలసిన టికెట్లతో ఒక ఫిల్టర్ తయారుచేసి, రోజూ పొద్దున్నే ఆ జాబితా ఒక్క మెయిల్‌గా వెళ్లేలా సబ్‌స్క్రిప్షన్ పెట్టివ్వు. వాళ్లకు కావాల్సింది సాధారణంగా అదే. 1998లో మొజిల్లా ప్రాజెక్టు కోసం పుట్టిన బగ్‌జిల్లాలో అయితే, ఏ హోదాలో ఉన్నప్పుడు ఏ మార్పుకి మెయిల్ రావాలో యూజరే టిక్కులు పెట్టుకునే పట్టిక ఉంటుంది. మనుషుల మీద ఆ గౌరవం నాకు ఎంతో నచ్చుతుంది. జిరాలో అంత వెసులుబాటు ఉండదు కాబట్టి ఆ బాధ్యత చాలావరకు నీ మీద పడుతుంది. సొంత మార్పులకు మెయిల్ రాకుండా ప్రొఫైల్‌లో ఆపుకోవచ్చని మాత్రం అందరికీ చెప్పు.

ఒకే స్కీమ్‌ని చాలా ప్రాజెక్టులు వాడుకుంటుంటాయి. అందుకని కాపీ తీసుకుని ఆ కాపీని మార్చు. బల్క్ చేంజ్ చేసేటప్పుడు ‘ఈ మార్పుకి మెయిల్ పంపు’ అనే టిక్కు చూసుకో. పాత టికెట్లు వందలకొద్దీ మూసేటప్పుడు అది తీసెయ్యకపోతే ఆఫీసంతా వణికిపోతుంది.

అన్నిటికన్నా భయపడాల్సింది టెస్ట్ సర్వర్‌కి. అసలు డేటాబేస్ కాపీ తెచ్చి టెస్ట్‌లో లేపావనుకో, మెయిల్ సర్వర్ వివరాలూ దానితోనే వస్తాయి. అక్కడ నువ్వు ఆడుకునే ప్రతి టికెట్‌కీ నిజమైన కస్టమర్లకు మెయిల్ వెళుతుంది. అంతకన్నా ఘోరం ఇంకోటుంది. సపోర్ట్ మెయిల్‌బాక్స్ చదివే హ్యాండ్లర్ కూడా లేచి, కొత్తగా వచ్చిన ఫిర్యాదుల్ని టెస్ట్ సర్వర్‌లో టికెట్లుగా మార్చి, మెయిల్‌బాక్స్ నుంచి చెరిపేస్తుంది. పంపడం, తెచ్చుకోవడం రెండూ స్టార్టప్ ఆప్షన్లలోనే ఆపి, ఆ తర్వాతే సర్వర్ లేపు.

ఆ హ్యాండ్లర్‌లోనే ‘బల్క్’ అనే సెట్టింగ్ ఉంటుంది. సెలవులో ఉన్నానని చెప్పే ఆటో రిప్లై టికెట్‌లో కామెంట్‌గా పడి, దానికి జిరా మెయిల్ పంపి, దానికి మళ్లీ రిప్లై వచ్చి రాత్రంతా తిరగొచ్చు. ఇలాంటి మెయిళ్లను గుర్తుపట్టడానికే 2004లో ఆర్ఎఫ్‌సీ 3834 ‘ఆటో సబ్మిటెడ్’ హెడర్‌ని నిర్ణయించింది. ఆ గుర్తున్న వాటిని వదిలెయ్యమని ‘బల్క్’ దగ్గర పెట్టు.

మార్పులు శుక్రవారం సాయంత్రం చెయ్యకు, సోమవారం పొద్దున చెయ్యి. ఏ మెయిళ్లు ఆగిపోతాయో టీమ్‌కి ముందే రాసి చెప్పు. ‘నాకు మెయిల్ రాలేదు’ అని ఎవరైనా వస్తే వాదించకు నాన్నా. నోటిఫికేషన్ హెల్పర్ తెరిచి, వాళ్ల పేరు, టికెట్, ఈవెంట్ ఇస్తే ఎందుకు రాలేదో అదే చెబుతుంది. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకునే చూడు.