నెలకొక్కసారి కిరాణం, వారానికొక్కసారి అంగడి

బిడ్డా, సామాను నెలకొక్కసారి తెచ్చుకుంటే పైసలు మిగులుతయా, వారం వారం తెచ్చుకుంటే మిగులుతయా అని అడిగినవు. అన్నిటికీ ఒకటే లెక్క పెట్టుకోకు. ఏ సరుకు ఇంట్ల ఎన్ని రోజులు చెడిపోకుండ ఉంటదో, అన్ని రోజులకొకసారి దాన్ని కొనాలె. అంతకంటె ముందుగాల పోతే, దుకాణం గడప తొక్కిన ప్రతిసారి అక్కరలేనిది ఒకటి సంచిల పడతది. అంతకంటె ఎక్కువ తెచ్చి పెట్టుకుంటే పురుగు తింటది, లేకుంటే చెత్తబుట్టల పోతది. పట్నాల ఇంటిఖర్చుల దగ్గర దగ్గర 40 శాతం తిండికే పోతున్నదని 2023-24 సర్కారు సర్వేల తేలింది. ఇంటి కిరాయి, బండి ఈఎంఐ నువ్వు తగ్గించుకుందామన్నా తగ్గయి. తిండి ఖర్చు మాత్రం నీ చేతులనే ఉన్నది.

ముందుగాల బియ్యం సంగతి చెప్త. 2022 జులై 18 నుంచి, పేరు అచ్చేసి సీలు వేసిన బియ్యం సంచి 25 కిలోలు గాని అంతకంటె తక్కువ గాని ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతున్నది. 25 దాటితే లేదు. దుకాన్లల్ల 26 కిలోల సంచులు ఎందుకు వచ్చినయో ఇప్పుడు తెలిసింది కదా. 5 కిలోలు, 10 కిలోలు అని చిన్న ప్యాకెట్లు తెచ్చుకుంటే పన్ను నీదే, ప్యాకింగు ఖర్చూ నీదే. మీ ఇద్దరికి ఒక పెద్ద సంచి రెండు నెలలకు పైనే వస్తది. వానాకాలం పంట చేతికొచ్చినంక, డిసెంబరు, జనవరిల, రెండు మూడు సంచులు తీసుకుంటే ఇంకా మంచిది. కొత్త బియ్యం అన్నం ముద్దయితది గని, నాలుగు నెలలు ఆగితే అవే బియ్యం పలుకు పలుకుగ అయితయి. పాత బియ్యమని దుకాణపాయన ఎక్కువ ధర అడిగేది ఆ ఆగినందుకే. ఆగే పని మన ఇంట్లనే చేసుకోవచ్చు.

అయితే దాచే తీరు తెలిసి ఉండాలె. రేషన్ కార్డు ఉన్నోళ్లకు 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నరు. ఆ ఏడు జూన్‌ల మూడు నెలల బియ్యం ఒక్కసారే ఇచ్చిన్రు. నలుగురున్న ఇంటికి 72 కిలోలు. మూత గట్టిగ పట్టే డ్రమ్ముల పోసి, ఎండిన వేపాకు నడుమ నడుమ వేసుకున్నోళ్లకు ఏం ఫికరు లేకుండె. సంచిని అట్లనే గచ్చుమీద గోడకు ఆనిచ్చి పెట్టినోళ్లు వానలకు ముక్కపురుగు పట్టి చెరిగి చెరిగి యాష్టకొచ్చిన్రు. నువ్వు కొన్న సంచిని గూడ పీట మీద పెట్టు, గోడకు తగలనీయకు.

కందిపప్పు, పెసరపప్పు, మినపప్పు, శనగపిండి, రవ్వ, పల్లీలు, నూనె, చక్కెర, చాయపత్తి, ఇవన్నీ నెలకొక్కసారి. జూన్ నుంచి సెప్టెంబరు దాక పప్పులు నెలకు మించి తేకు, ముసురుకు పురుగు తొందరగ పడతది. సబ్బులు, పేస్టు, షాంపూ మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. అవి చెడిపోయేటివి కావు కాబట్టి ధర తగ్గించి అమ్మినప్పుడు మూడు నెలలకు తీసి పెట్టుకో.

నూనె ప్యాకెట్ మీద గ్రాములు చదువు. లీటరు నూనె అంటే 910 గ్రాముల లెక్క. చూడనీకి అంతే ఉండి తక్కువ నింపిన ప్యాకెట్లూ ఉంటయి, ధర తక్కువని చెయ్యి పెడితే మోసపోతవు.

ఇంకొక మాట. ఎవ్వరూ చెప్పరు గని దీంట్లనే ఎక్కువ పైసలు పోతయి. ఇంట్ల సామాను నిండుగ ఉంటే చెయ్యి వదులైతది. ఐదు లీటర్ల డబ్బా పొయ్యి పక్కన ఉంటే పోపుల నూనె ఎక్కువ పడతది. చక్కెర డబ్బా నిండ ఉంటే చాయల ఇంకో చెంచా పడతది. ఎక్కువ కొని మిగిలించుకున్నది ఎక్కువ వాడి పోగొట్టుకుంటం. మీ అమ్మమ్మ పెద్ద డబ్బాలు అటక మీద పెట్టి, వంటింట్ల చిన్న డబ్బాలే ఉంచేది. వారానికొక్కసారి పెద్ద దాంట్ల నుంచి చిన్న దాంట్లకు కొలిచి పోసేది. ఆ వారం అదే. నువ్వు గూడ అట్లనే చెయ్యి. అట్ల చేయలేనంటే మాత్రం పెద్ద డబ్బా కొనకు, లీటరు ప్యాకెటే నయం.

నెల సామాను ఎక్కడ కొనాలె? కొంపల్లి నుంచి మేడ్చల్ దాక హైవే పొడుగుత పెద్ద దుకాన్లు ఉన్నయి. ధర అక్కడ తక్కువే, కాదనను. కాని బండి తోసుకుంట తిరిగితే, తగ్గిన ధర అంత బిస్కెట్ల కింద, ప్లాస్టిక్ డబ్బాల కింద తిరిగి పోతది. నా మాట విని చీటీ రాసి మీ వీధి కిరాణంల ఇచ్చి చూడు. డబ్బాలు తెరిచి చూసి, ఏది ఎంత మిగిలిందో లెక్కేసి రాయి. ఆయన చీటీల ఉన్నదే కట్టిస్తడు, లేనిది నీ కంటికి కనపడది. ఒక నెల అట్ల, ఒక నెల పెద్ద దుకాణంల కొని, రెండు బిల్లులు పక్కపక్కన పెట్టుకో. ఒక్కో వస్తువు ధర కాదు, బిల్లు కింద మొత్తం చూడు. కిరాణంల ఉద్దెర మాత్రం పెట్టకు. ఖాతా బుక్కు ఉంటే నెలకొక్కసారి పోయేటోళ్లు గూడ రోజుకొక్కసారి పోతరు.

వారం కూలికి పోయేటోళ్లకు ఈ లెక్క చెప్పను. మేడ్చల్ ఫ్యాక్టరీలల్ల వారానికి పైసలు తీసుకునేటోళ్లు ఉన్నరు. వాళ్లు అప్పు తెచ్చి నెల సామాను కొంటే వడ్డీకే మిగులు పోతది. పైసలు ఎప్పుడొస్తే అప్పుడే కొనాలె వాళ్లు. అల్లుడికి జీనోమ్ వ్యాలీల నెల జీతం కాబట్టి మీకు నెల లెక్క.

కూరగాయలు వారానికొక్కసారి, అంగడిల. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, వెల్లుల్లి సాయంత్రం గంపలు సర్దుకునే యాళ్ల పోతే తగ్గించి ఇస్తరు. కొత్తిమీర, పాలకూర, పుంటికూర మాత్రం పొద్దున్నే కొను, వాడినయి తెచ్చుకుంటే మర్నాటికే పారేస్తవు. బేరం చేతకాదంటే రైతుబజారుకు పో. 1999 జనవరి 26న మొదలైన కాడినుంచి అక్కడ ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి పెడుతున్నరు. అంగడిల కొన్నా సరే, ఆ బోర్డు ధర తెలిసి ఉంటే నిన్ను ఎవరూ ముంచలేరు. బోయిన్‌పల్లి హోల్‌సేల్ మార్కెట్‌ల ఇంకా చవుక అని అల్లుడు అంటున్నడట. పెట్రోలు పోసుకొని మీ ఇద్దరి కోసం పోతే ఏం మిగలది. మీ అపార్ట్‌మెంట్ల నాలుగైదు ఇండ్లోళ్లు కలిసి ఒకరిని పంపితే లాభమే.

చవుకగ వచ్చిందని టమాట పెట్టెకు పెట్టె తేకు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024ల చెప్పిన లెక్కల, మన దేశంల ఇండ్లల్ల మనిషికి ఏడాదికి 55 కిలోల తిండి పారేస్తున్నం. ఇద్దరున్న మీ ఇంటికి ఆ లెక్కన 110 కిలోలు. బోయిన్‌పల్లి మార్కెట్‌ల మిగిలిన కూరగాయలతోటి కరెంటు తీసే ప్లాంటు పెట్టిన్రు. నీ ఫ్రిజ్‌ల కుళ్లినదాంతోటి వచ్చేది ఏం లేదు బిడ్డా. టమాట అగ్గువ ఉన్నప్పుడు తొక్కు పెట్టుకో, ఒరుగులు ఎండబెట్టుకో. 2023 జులైల కిలో 150 దాటినప్పుడు ఆ తొక్కు సీసా ఉన్నోళ్లు, పప్పుల చింతపండు వేసుకున్నోళ్లు నిమ్మళంగ ఉన్నరు.

ఫోన్ల పది నిమిషాలకు తెచ్చిచ్చేటోళ్లను జ్వరమొస్తేనో, చుట్టాలొస్తేనో పిలువు. ఒక్క పెరుగు ప్యాకెట్ కోసం ఆర్డరు పెడితే, తెచ్చినందుకు ఒకటి, చిన్న ఆర్డరైనందుకు ఒకటి అని కలుపుతరు, అవి ఎగ్గొట్టనీకి నువ్వు ఇంకో రెండు వస్తువులు కలుపుతవు. గుర్తొచ్చింది గోడ మీద కాయితంల రాసి ఆదివారం దాక ఆగు. ఆదివారానికి దాంట్ల సగం నువ్వే కొట్టేస్తవు.

ఇగ ఏడాది సామాను. కందులు కొత్త పంట జనవరి, ఫిబ్రవరిల, ఎండుమిర్చి, పసుపు, చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాక వస్తయి. అప్పుడే ధర దిగుతది, అప్పుడే ఎండ గూడ దొరుకుతది. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి కుప్పలు కుప్పలు వచ్చేదీ అప్పుడే. ఒక్కసారే అంత పెట్టాలంటే కష్టం కాబట్టి ఈ నెల నుంచే కొంత పక్కకు తీసి వేరే డబ్బాల వెయ్యి. కారం పట్టించేదుంటే నాకు ముందుగాల ఫోన్ చెయ్యి. మిర్చి, చింతపండు మనిద్దరి ఇండ్లకు కలిపి తెప్పిస్త. మా డాబా మీద ఎండబోసి, షామీర్‌పేట గిర్నిల నేనే దగ్గరుండి పట్టిస్త, అల్లుడిని వచ్చి తీసుకపొమ్మను.