ప్రజల రుణం: ఎన్నికైనవాడి మాటా నడతా

ఎన్నికల ప్రచారంలో తెలుగు నాయకుడి నోట తప్పక వినిపించే మాట ఒకటుంది: గెలిపించండి, మీ రుణం తీర్చుకుంటాను. ఆ మాటను వాడుకగా వదిలేయకుండా విని చూస్తే అందులో ఒక నీతిశాస్త్రమే ఉంది. అప్పిచ్చినవాడు ఓటరు, పుచ్చుకున్నవాడు నాయకుడు. ఇచ్చినవాడు పైన, తీసుకున్నవాడు కింద. పదవి దక్కాక ఇదే సంబంధం సేవ అన్న పేరు తెచ్చుకుంటుంది. మరికొన్నాళ్లకు శిలాఫలకాల మీదా సభల్లోనూ ఇళ్లిచ్చాం, పింఛన్లిచ్చాం, నీళ్లిచ్చాం అన్న భాష వస్తుంది. రుణం సేవగా, సేవ దానంగా మారేసరికి మొదట కింద ఉన్నవాడు పైకి చేరతాడు. ఎన్నికైన నాయకులు సామాన్యులకు నిజంగా పనిచేస్తున్నారా, చెప్పింది చేస్తున్నారా అన్న ప్రశ్నను ఈ మార్పు దగ్గరే మొదలుపెట్టాలి.

పాలకుడు ప్రజలకు బాకీపడ్డాడన్న ఆలోచన ఈ నేల మీద రాతి మీదే చెక్కి ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర కొండరాళ్ల మీద క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు వేయించిన శాసనాలున్నాయి. 1929లో అవి పండితుల దృష్టికి వచ్చాయి. ఆరో శాసనంలో అశోకుడు తన అధికారులకు ఒక వెసులుబాటు ఇస్తాడు. తాను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా ప్రజల పని ఏదైనా ఉంటే వెంటనే వచ్చి చెప్పవచ్చు. తాను పడే శ్రమంతా ప్రాణుల రుణం నుంచి విముక్తి పొందడానికేనని కారణం కూడా చెబుతాడు. దయ చూపుతున్నానని అనడు, బాకీ తీరుస్తున్నానంటాడు.

మొదటి శాసనం ఇంకా ఆసక్తికరం. జీవహింస మానాలని లోకానికి చెబుతూ తన వంటశాల లెక్క తానే బయటపెడతాడు. ఒకప్పుడు అక్కడ రోజూ లక్షల్లో ప్రాణులను చంపేవారు. శాసనం వేసేనాటికి ఆ లెక్క మూడుకు వచ్చింది: రెండు నెమళ్లు, ఒక జింక; జింక కూడా ప్రతిరోజూ కాదు. ఆ మూడింటినీ ఇకముందు చంపబోమని చివర ఉంది. చెప్పేదానికీ చేసేదానికీ మధ్య మిగిలిపోయిన దూరాన్ని పాలకుడే కొలిచి జనానికి చూపించిన సందర్భాలు చరిత్రలో అరుదు. పూర్తిగా మానేశానని చెక్కించుకున్నా కాదనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

అయితే ఆ అశోకుడి దగ్గరే మరో ముఖం కనిపిస్తుంది. కళింగ యుద్ధంలో జరిగిన ప్రాణనష్టానికి బాధపడుతూ వేయించిన పదమూడో శాసనం ఎర్రగుడిలో ఉంది, దూరాన షాబాజ్‌గఢీలో ఉంది. కళింగలో మాత్రం లేదు. అక్కడి ధౌలి, జౌగడల దగ్గర దాన్ని తప్పించి వేరే శాసనాలు చెక్కించారు; ప్రజలంతా నా బిడ్డలేనన్న మాట వాటిలోదే. పశ్చాత్తాపం ఊరూరా చాటింపయింది గానీ దెబ్బ తిన్నవాళ్లకు చేరలేదు, వాళ్ల రాజ్యమూ తిరిగి వాళ్ల చేతికి రాలేదు. మంచి పాలకుడి విషయంలోనే ఇలా జరిగిందంటే, మాటను ఎవరి ముందు చెబుతున్నారన్నది మాటంత ముఖ్యమని ఒప్పుకోవాలి.

చెప్పేదొకటి చేసేదొకటి అనే గుణాన్ని మతాలన్నీ ఖండించాయి. ఉత్తముడు ఏది ఆచరిస్తే మిగిలినవాళ్లు దాన్నే అనుసరిస్తారని భగవద్గీత మూడో అధ్యాయం చెబుతుంది. అందుకే కర్మను వదిలేయవద్దని, లోకసంగ్రహం కోసమైనా చేయాలని అర్జునుడికి ఉపదేశం. శాస్త్రులు బరువైన మూటలు కట్టి ఇతరుల భుజాల మీద పెడతారే గానీ తాము వేలితోనైనా కదపరని యేసు ఆక్షేపించినట్టు మత్తయి సువార్తలో ఉంది. చేయనిదాన్ని ఎందుకు చెబుతారని ఖురాన్ విశ్వాసులను నిలదీస్తుంది. మూడింటిలోనూ అసలు గురి ఒకటే, చెప్పేవాడి అంతరంగం. రాజకీయానికి వచ్చేసరికి నష్టం అంతరంగంతో ఆగదు. గురువు మాట తప్పితే శిష్యుడు వేరే గురువును వెతుక్కుంటాడు. నాయకుడు మాట తప్పితే ఆ మాటను నమ్మి పొలంలో పంట మార్చినవాడు, ఇల్లు ఖాళీ చేసి ఊరు వదిలినవాడు అనుభవిస్తాడు.

రాజుకూ ఎన్నికైన ప్రతినిధికీ ఇంకో తేడా ఉంది. రాజుకు ధర్మం చెప్పేవాళ్లుండేవారు, దించేవాళ్లు లేరు. ప్రతినిధికి అధికారం అయిదేళ్ల బదులు. ఆ బదులు దేనికన్న విషయం మీద మాత్రం తత్వవేత్తలు ఏకాభిప్రాయానికి రాలేదు. ఓటర్లు చెప్పినట్టు నడవాలా, తన వివేకం చెప్పినట్టు నడవాలా? 1774లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నుంచి ఎన్నికైన ఎడ్మండ్ బర్క్, ప్రతినిధి తన వివేచనను ఓటర్ల అభిప్రాయానికి బలిపెడితే వాళ్లకు ద్రోహం చేసినట్టేనని వాళ్ల ముందే వాదించాడు. అన్నట్టే నడిచాడు, 1780లో అక్కడ గెలవలేనని తెలిసి పోటీ నుంచి తప్పుకున్నాడు. మాట మీద నిలబడి సీటు పోగొట్టుకోవడం కూడా రుణం తీర్చే పద్ధతుల్లో ఒకటే.

భారతదేశంలో ఈ చర్చ మరో మలుపు తిరిగింది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. పార్టీ విప్‌ను కాదని ఓటేసిన సభ్యుడు పదవి కోల్పోవచ్చు. పూటకో పార్టీ మారే ఆయారాం గయారాంలను ఆపడానికి అలాంటి కట్టడి అవసరమే. కానీ దానివల్ల ప్రతినిధి అటు ఓటరుకూ ఇటు మనస్సాక్షికీ కాక మూడో యజమానికి జవాబుదారీ అయ్యాడు. తన నియోజకవర్గానికి నష్టం చేసే బిల్లుకు చేయెత్తి, సాయంత్రం అదే ఊళ్లో దాన్ని తప్పుపట్టాల్సిన స్థితి కొంత అతని స్వభావం వల్లా కొంత ఈ ఏర్పాటు వల్లా వస్తుంది. రెండింటినీ కలిపి అతని ఖాతాలోనే వేయడం న్యాయం కాదు.

నాయకుడి త్యాగం గురించి తెలుగువాళ్లు మాట్లాడుకునేటప్పుడు మొదట వచ్చే పేరు టంగుటూరి ప్రకాశం పంతులుది. మద్రాసులో మంచి రాబడి ఉన్న బారిస్టరు వృత్తిని స్వాతంత్ర్యోద్యమం కోసం వదిలేశారు, కూడబెట్టింది స్వరాజ్య పత్రికకూ ఉద్యమానికీ ఖర్చయింది, 1957లో చేతిలో ఏమీ మిగలకుండానే కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి ఆయనే. ఆ ప్రభుత్వం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. చర్చకు కారణం మద్యనిషేధం. కాంగ్రెస్ దశాబ్దాలుగా బోధించిన ఆదర్శమది. దానివల్ల కల్లుగీతనే నమ్ముకున్న కుటుంబాల బతుకు పోతోందన్నది ఎదుటిపక్షం వాదన. ఆదర్శాన్ని ఆచరించడమూ సామాన్యుడికి మేలు చేయడమూ ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తాయన్న భరోసా లేదని ఆ ఒక్క ఓటు చూపించింది. బోధించినవాడు బోధించినట్టే నడిచినా, ఆ నడక బరువు తాటిచెట్టు ఎక్కేవాడి మీద పడవచ్చు.

నిరాడంబరత విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పుచ్చలపల్లి సుందరయ్య భూస్వామ్య కుటుంబంలో పుట్టి, కులాన్ని తెలిపే రెడ్డి అన్న చివరి మాటను పేరులోంచి తీసేసి, తన ఆస్తిని పార్టీకి ఇచ్చేశారు. రాజ్యసభ సభ్యుడిగా పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారు. ఉద్యమానికి అడ్డు రాకూడదని ఆయనా భార్య లీలా పిల్లలు వద్దనుకున్నారు. వావిలాల గోపాలకృష్ణయ్య సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు శాసనసభకు వెళ్లినా ఖద్దరు సంచితో బస్సులో తిరిగే మనిషిగానే ఉండిపోయారు. ఇప్పటికీ ఏ ఊరి రచ్చబండ మీదైనా నాయకులను తూచడానికి పెట్టే తూకపురాళ్లు ఈ పేర్లే.

కానీ సైకిల్ ఎక్కినంత మాత్రాన సేవ అయిపోదు. ఒంటిపూట తినే మనిషి తన ఓటుతో వేలమందిని ఆకలికి గురిచేయగలడు. సుఖంగా బతికేవాడు మంచి చట్టం తేగలడు. మాక్స్ వేబర్ 1919లో రాజకీయవృత్తి మీద చేసిన ప్రసంగంలో విడదీసి చూపిందీ ఇదే: నమ్మకానికి కట్టుబడే నీతి ఒకటి, పర్యవసానాలకు బాధ్యత తీసుకునే నీతి మరొకటి. మరి సుందరయ్య సైకిల్‌కు ఇంత విలువ ఎందుకు? తక్కువతో బతకగలిగినవాడిని కొనడం కష్టం. జనంతోపాటు బస్సెక్కేవాడికి బస్సు రాలేదన్న సంగతి అర్జీ అందకముందే తెలుస్తుంది. నిరాడంబరత ఆ రెండింటికీ ఉపయోగపడితేనే అది రాజకీయ సద్గుణం, లేకపోతే వ్యక్తిగత నియమం మాత్రమే.

బాధ్యత తీసుకోవడానికి లాల్ బహదూర్ శాస్త్రి రైల్వేమంత్రిగా చేసింది మంచి ఉదాహరణ. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది, వందమందికి పైగా చనిపోయారు. శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో అరియలూరులో మరో ఘోర ప్రమాదం జరిగింది. ఈసారి రాజీనామా ఆమోదం పొందింది. శాస్త్రి తప్పు చేశారని కాదు, రాజ్యాంగ మర్యాదకు ఒక ఉదాహరణ నిలవాలని ఆమోదిస్తున్నట్టు నెహ్రూ పార్లమెంటుకు చెప్పారు. మంత్రి వెళ్లిపోయినంత మాత్రాన వంతెనలు గట్టిపడవన్నది నిజమే. అయినా పెద్ద కుర్చీలోనివాడు నష్టంలో వాటా తీసుకున్నాడన్న సంగతి చనిపోయినవాళ్ల ఇళ్లకు తెలియడం చిన్న విషయం కాదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఎన్ని ప్రమాదాలు జరిగినా అలాంటి రాజీనామాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇక డబ్బు. చట్టం ప్రకారం పెద్ద రాష్ట్రాల్లో శాసనసభ అభ్యర్థి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల రూపాయలకు మించి ఖర్చు చేయకూడదు. 2022లో పెంచిన పరిమితులివి. గెలిచినవాళ్లు దాదాపు అందరూ ఈ గీత లోపలే ఉన్నట్టు లెక్కలిస్తారు. తెలుగు జిల్లాల్లో ఎన్నికలు చూసిన ఏ మనిషీ ఆ లెక్కలను నమ్మడు. అంటే సత్యనిష్ఠతో విధులు నిర్వర్తిస్తానని సభలో ప్రమాణం చేసే ఎందరో ప్రతినిధుల పదవీకాలం ఒక అసత్యపు కాగితంతో మొదలవుతోంది. పోలింగుకు ముందురాత్రి ఇంటింటికీ చేరే నోట్ల వల్ల ఇంకా లోతైన నష్టం జరుగుతుంది. నోటు పుచ్చుకున్నాక రుణం అక్కడికక్కడే చెల్లిపోయినట్టు ఇరుపక్షాలూ భావిస్తాయి. రోడ్డు ఏదని తర్వాత అడగడానికి వెళ్లిన మనిషి చిన్నబోయి తిరిగి వస్తాడు. పేదవాడు నోటు తీసుకోవడాన్ని తప్పుపట్టడం తేలిక. అయిదేళ్లలో నాయకుడి నుంచి తన చేతికి నేరుగా అందేది అదొక్కటేనన్న అనుభవం అతనికి ఉందన్నది మరిచిపోకూడదు.

సభ లోపలి ఓటుకూ ధర పలికిన చరిత్ర ఉంది. లోక్‌సభలో 1993 నాటి అవిశ్వాస తీర్మానంలో లంచం తీసుకుని ఓటేశారన్న కేసులో, అలా ఓటేసిన సభ్యులకు రాజ్యాంగ రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 1998లో తీర్పిచ్చింది. ఓటు అమ్ముకున్న సామాన్యుడు నేరస్తుడు, సభలో అమ్ముకున్న సభ్యుడు కాదు! ఆ తేడా చెరిగిపోవడానికి 26 ఏళ్లు పట్టింది. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది.

మాటనూ చేతనూ ఒకే ముడిలో బిగించే ప్రయత్నం న్యాయస్థానం నుంచే ఒకసారి వచ్చింది. ప్రభుత్వ ఖజానా నుంచి జీతం తీసుకునే అధికారులూ ప్రజాప్రతినిధులూ తమ పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోనే చదివించేలా చూడాలని 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ ఆదేశం ఆచరణకు నోచుకోలేదు. పిల్లల చదువు వ్యక్తిగత స్వేచ్ఛ అన్న అభ్యంతరంలో బలముంది. అయినా ఆ తీర్పు వెనకున్న తర్కాన్ని కొట్టిపారేయలేం. సర్కారు బడి గొప్పదని పొగిడే మంత్రి మనవడు అక్కడ ఒక్క వారం కూర్చుంటే, మరుగుదొడ్డికి తలుపు లేదన్న సంగతి ఏ నివేదికా అవసరం లేకుండా తెలుస్తుంది. నాయకుడు సర్కారు ఆసుపత్రిలో చేరడం, సర్కారు బడిని వాడుకోవడం అతని వినయానికి గుర్తులుగా చూడనక్కరలేదు. తాను నడిపే వ్యవస్థ మీద తనకు నమ్మకం ఉందో లేదో చెప్పే సాక్ష్యాలవి.

సోమవారం కలెక్టరేట్ల ముందు కనిపించే వరుసలను ఈ వెలుగులో చూడాలి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారే అర్జీల కార్యక్రమం, రెండు చోట్లా అదే దృశ్యం: ప్లాస్టిక్ కవరులో పాసుపుస్తకం జిరాక్సు, చేతిలో నాలుగోసారి రాయించిన అర్జీ. అశోకుడి ఆరో శాసనానికి ఇవి దూరపు వారసులే. అయితే అక్కడ కబురు రాజు దగ్గరకు వెళ్లేది, ఇక్కడ మనిషే బస్సెక్కి కబురు వెంట తిరుగుతున్నాడు.

దీనికి భిన్నమైన పద్ధతి ఒకటి తెలుగు నేల మీదే బలంగా నిలదొక్కుకుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. దాన్ని రాష్ట్రమంతా ఒక క్రమంలో జరిపించడానికి 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రయత్నించింది. తనిఖీ బృందాలు మస్టర్లు, అంటే కూలీల హాజరుపట్టీలు, పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ఎన్ని రోజులు పనిచేశావు, ఎంత అందిందని కూలీలనే అడిగేవి. తర్వాత బహిరంగ వేదికలో ఆ వివరాలు గట్టిగా చదివేవారు. చనిపోయినవాళ్ల పేరుతో ఎత్తిన కూలీ, తవ్వని చెరువుకు రాసిన బిల్లు, ఊరందరి ముందు బయటపడేవి. రాబట్టాలని తేల్చిన సొమ్ములో చాలాభాగం తిరిగి రాకపోవడం ఆ పద్ధతి బలహీనత. కానీ సంతకం కూడా రాని కూలీ లెక్క అడిగే స్థానంలోనూ, పని చేయించినవాళ్లు చెప్పే స్థానంలోనూ కూర్చోవడం అక్కడ కళ్లకు కట్టింది.

ఆ వేదిక మీద నిలబడాల్సి వచ్చేది ఫీల్డ్ అసిస్టెంటు, సాంకేతిక సహాయకుడు, కొన్నిసార్లు సర్పంచి. మధ్యప్రదేశ్‌లో పురపాలక అధ్యక్షుడిని ఓటర్లే వెనక్కి పిలిచే చట్టం ఉంది. శాసనసభ్యుడి దగ్గరకో పార్లమెంటు సభ్యుడి దగ్గరకో వచ్చేసరికి వెనక్కి పిలిచే హక్కూ లేదు, అతని అయిదేళ్ల మస్టరును ఊరి మధ్య చదివే ఏర్పాటూ లేదు.