ప్రశ్న అడిగే బిడ్డ

హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు ఎక్కువగా ఉండే పేట హైదరాబాద్‌లోని బార్కస్. ఆ చుట్టుపక్కల పెరిగే క్రైస్తవ పిల్లవాడు, రంజాన్ నెలలో తోటివాడు ఎండలో దాహం ఓర్చుకోవడం కళ్లారా చూస్తాడు. ఇంటికొచ్చి, "అమ్మా, మనం ఎందుకు నమ్ముతున్నాం?" అంటాడు. తల్లి గుండె గుభేలుమంటుంది.

భయపడకండమ్మా. పసితనంలో బాప్తిస్మం పొందిన బిడ్డ తన నోటితో తానే విశ్వాసం ఒప్పుకోవాలనే కదా, సీఎస్ఐ సంఘాల్లో కన్ఫర్మేషన్ ఉన్నది! వాక్యాలు గడగడా అప్పజెబితే, క్వయర్‌లో పాడితే మురిసిపోతాం. బిడ్డ విశ్వాసానికి గుర్తుగా నాకైతే అవి చాలవనిపిస్తుంది. చెల్లెల్ని కొట్టి, ఎవరూ చెప్పకుండానే వెళ్లి క్షమించమంటాడా? ఇంట్లో అంట్లు తోమే ఆమెను ఎలా పలకరిస్తాడు? అక్కడ చూడండి. అదీ ఒక్కరోజులో తేలేది కాదు.

ఇక ప్రశ్నలంటారా, పన్నెండేళ్ల యేసు కూడా యెరూషలేము దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని, వింటూ, ప్రశ్నలు అడుగుతూ కనిపించాడని లూకా రాశాడు. వెతుక్కుంటూ వచ్చిన మరియ యోసేపులకు ఆయన చెప్పిన జవాబు అప్పుడు అర్థం కాలేదు. తిమోతి విశ్వాసాన్ని తలచుకున్న పౌలు, అది ముందు అతని అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండేదని గుర్తుచేశాడు.

ఈ సాయంత్రం బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. మీకు నమ్మకం ఎలా కుదిరిందో, ఎక్కడ సందేహపడ్డారో దాచకుండా చెప్పండి.